ముందు వినిపించండి, తర్వాత చూపిద్దాం

(ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో, చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ సంఘాల యవనస్థులు, పెద్దలు కూడిన ఒక శిక్షణ కూటంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ వందనాలు. అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, వెనక బెంచీల్లో సర్దుకు కూర్చున్న తమ్ముళ్ళకు మరీ మరీ వందనాలు. రేపు ఈ పని నెత్తిన పడేది వెనక బెంచీవాళ్ళకే, నాకు తెలుసు. ముందుకు రండి, చోటుంది. అమ్మా, మీరు లేవకండి, వాళ్ళనే రమ్మంటున్నాను.

నేను వాక్యం, అంటే బైబిలు బోధ, చెప్పడానికి రాలేదు. అది పాస్టరు అయ్యగారి పని. నాకు పర్లాకిమిడిలో చిన్న షాపుంది. ఆంప్లిఫయర్లు, మైకులు బాగు చేస్తాను. పెళ్ళిళ్ళకి, కూటాలకి సౌండ్ పెడతాను. ఈ మధ్య షాపుకొచ్చే సంఘాలవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు: "అన్నా, మేము కూడా ఆరాధన నెట్లో లైవ్ పెట్టాలి, ఏ కెమెరా కొనమంటావు?" మొదటి ప్రశ్నే కెమెరా. ఎవరూ మైకు గురించి అడగరు. ఈరోజు నేను చెప్పేదల్లా దీని గురించే.

కెమెరా సంగతి పక్కన పెట్టి, ముందు నేనొకటి అడుగుతాను. మీ లైవ్ ఎవరి కోసం? చెప్పండి. ఎవరో అమెరికాలో చూస్తారనా? కాదు కదా. మన పిల్లలు సూరత్‌లో మగ్గాల మీద ఉన్నారు. కేరళలో, చెన్నైలో, బెంగళూరులో కట్టడం పనులకి పోయినవాళ్ళున్నారు. ఆసుపత్రిలో డ్యూటీ ఉన్న నర్సమ్మ ఉంది. మోకాళ్ళ నొప్పులతో మందిరం మెట్లెక్కలేని ముసలివాళ్ళున్నారు. వీళ్ళు ఎలా చూస్తారు? టీవీ ముందు కూర్చొని చూస్తారా? ఫోను జేబులో పెట్టుకొని, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని పని చేసుకుంటూ వింటారు. వింటారు, గమనించండి. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమెకి చూపు ఆనదు. మనవడు ఫోను ఆన్ చేసి దిండు పక్కన పెట్టి వెళ్ళిపోతాడు. ఆమెకి ఫోర్‌కే వీడియో ఎందుకండీ?

బొమ్మ కొంచెం మసకగా ఉంటే జనం సర్దుకుంటారు. మాట వినపడకపోతే రెండు నిమిషాల్లో ఆపేస్తారు. కాబట్టి మీ చేతిలో పది వేలుంటే ఏడు వేలు సౌండుకి పెట్టండి. కెమెరాకి రూపాయి కూడా వద్దు. మీ సంఘంలో ఎవరో ఒకరి దగ్గర ఉన్న ఫోను చాలు.

ఎందుకంత నమ్మకంగా చెబుతున్నాను? ఫోనుని స్టాండుకి పెట్టి, మందిరం వెనక నుంచి లైవ్ పెట్టారనుకోండి. ఆ ఫోను మైకుకి ముందుగా వినపడేదేంటి? తల మీద తిరిగే ఫ్యాను. పక్క బెంచీలో పాప ఏడుపు. గోడకి కొట్టుకొని తిరిగొచ్చే బాక్సుల మోత. అయ్యగారి మాట అన్నిటికంటే ఆఖర్న వస్తుంది. మన మందిరాలు ఎలాంటివి? సిమెంటు గోడలు, బండల నేల, పైన రేకు. మాట ఒకసారి అంటే మూడుసార్లు వినపడుతుంది. హాల్లో కూర్చున్నవాళ్ళకి ఆ గోల తెలియదు. రెండు చెవులూ, కళ్ళూ కలిసి సర్దేసుకుంటాయి. ఫోనుకి ఆ తెలివి లేదు.

అందుకని మైకు ఫోను దగ్గర కాదు, నోటి దగ్గర ఉండాలి. దీనికి రెండు దారులున్నాయి.

మిక్సర్, అంటే మైకులన్నిటి సౌండూ కలిపే పెట్టె, లేని చిన్న సంఘమైతే, తీగ ఉన్న కాలర్ మైకు కొనండి. 800 నుంచి 1,000 రూపాయల లోపు దొరుకుతుంది. అయ్యగారి చొక్కాకి, గడ్డానికి జానెడు కింద పెట్టండి. దాని తీగ రెండో ఫోనుకి పెట్టి, ఆ ఫోను అయ్యగారి జేబులో వేసి, వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. అంతే. లైవ్ లేదు, ఏమీ లేదు. ఆరాధన అయ్యాక ఆ ఫైలు తీసుకొని పంపండి. ఇది చెబితే కొందరి మొహాలు వాడిపోతాయి. "ఇదేనా?" అంటారు. ఇదే. ఎందుకో కాసేపాగి చెబుతాను.

మిక్సర్ ఉన్న సంఘాలవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మంచిది. మీ మిక్సర్ వెనకో పైనో రెండు చిన్న ఆర్‌సీఏ గుంటలుంటాయి, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు, కింద రెక్ అవుట్ అనో టేప్ అవుట్ అనో రాసుంటుంది. అందరూ చేసే పనేంటంటే, అక్కడి నుంచి ఒక తీగ లాగి నేరుగా ఫోను మైకు గుంటలో పెట్టేస్తారు. లైవ్‌లో అయ్యగారి గొంతు బొంగురుగా, చిరిగిపోయినట్టు వస్తుంది. షాపుకొచ్చి "మిక్సర్ పాడైంది" అంటారు. మిక్సర్ పాడవలేదండీ. ఆ గుంట నుంచి వచ్చే సిగ్నల్ వోల్టులో మూడో వంతు దాకా ఉంటుంది. ఫోను మైకు గుంట కోరుకునేది మిల్లీవోల్టుల్లో. పిల్లకాలువలోకి గేట్లెత్తి వదిలినట్టు. పొంగదా మరి?

దీనికి మందు రెండు రకాలు. మధ్యలో రెసిస్టర్లు పెట్టి సిగ్నల్ తగ్గించే తీగ ఒకటి. అది మా షాపులోనే చేసిస్తాం, పెద్ద ఖర్చేమీ కాదు. తీగ చివరుండే పిన్ను, అదే జాక్, చూసుకోండి, మూడు నల్ల గీతలుండాలి. రెండే ఉంటే అది హెడ్‌ఫోను జాక్, దాంట్లో మైకు లైను ఉండదు. రెండోది యూఎస్‌బీ సౌండ్ కార్డు, మిక్సర్ సౌండుని ల్యాప్‌టాప్‌కో ఫోనుకో ఎక్కించే చిన్న డబ్బా. 2,000 నుంచి 3,000 మధ్యలో వస్తుంది. ల్యాప్‌టాప్ ఉంటే ఇదే మేలు. కొత్త ఫోన్లకి మైకు గుంటే ఉండటం లేదు కాబట్టి వాటికీ ఇదే గతి. మీ ఫోను ఆ కార్డుని తీసుకుంటుందో లేదో శనివారమే చూసుకోండి. ఆదివారం పదిన్నరకి చూసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇంకో తిరకాసుంది. మిక్సర్ నుంచి సౌండు తీసుకున్నారు, గొంతు అద్దంలా ఉంది. కానీ పాటల దగ్గర ఏమవుతుంది? డోలక్‌కి మైకు పెట్టరు, హాల్లో అది మామూలుగానే వినపడుతుంది కదా. సంఘం పాడేదానికి మైకు ఉండదు. దాంతో లైవ్‌లో ఒక్క గొంతు, ఒక్క కీబోర్డు, అంతే. నలుగురూ పాడుతున్నట్టుండదు, గదిలో ఒక్కడే పాడుకుంటున్నట్టు ఉంటుంది. సూరత్‌లో ఉన్న కుర్రాడికి కావలసింది ఆ నలుగురి గొంతు. వాళ్ళమ్మ గొంతు అందులో ఉంటుంది. కాబట్టి సంఘం వైపు తిప్పి ఒక మైకు పెట్టండి. దాన్ని హాలు బాక్సుల్లోకి వదలకండి, కూత పెడుతుంది. హాలుకి కాకుండా వేరే దారిలో సౌండు పంపే నాబ్ ఒకటుంటుంది, ఆక్స్ అని. దాంతో లైవ్‌కి మాత్రమే పంపండి. అప్పుడు లైవ్ తీగ రెక్ అవుట్‌లో కాదు, ఆక్స్ అవుట్‌లో ఉండాలి. ఆక్స్ ఉన్నదే అందుకు. హాల్లో ఒక కలగలుపు, లైవ్‌కి వేరే కలగలుపు. వాక్యం అప్పుడు ఆ మైకు తగ్గించండి, పాటప్పుడు పెంచండి. ఆ నాబ్ దగ్గర ఒక మనిషి ఉండాలి. పద్నాలుగేళ్ళ పిల్ల చాలు, చెవి ఉంటే చాలు.

ఇక మన దేశానికి, మన ప్రాంతానికి సంబంధించిన సంగతి. ఇక్కడ ఎన్ని సంఘాల్లో వాక్యం రెండు భాషల్లో జరుగుతుంది? అయ్యగారు తెలుగులో అంటే, పక్కన ఒకరు ఒడియాలోనో సవరలోనో చెబుతారు. ఒకే మైకు ఇద్దరూ అటూ ఇటూ లాక్కుంటారు. రికార్డింగులో ప్రతిసారీ మొదటి మాట మింగేసినట్టు పోతుంది. రెండో మైకు పెట్టండి. పెట్టి, అయ్యగారి మైకుని ఒక ఆక్స్‌కి, తర్జుమా చేసేవాళ్ళ మైకుని ఇంకో ఆక్స్‌కి పంపండి. చిన్న మిక్సర్లలో మాన్ అని ఒకటి, ఎఫ్ఎక్స్ అని ఒకటి ఉంటాయి, అవే. ఆ రెండూ సౌండ్ కార్డులో ఎడమకి ఒకటి, కుడికి ఒకటి ఇవ్వండి.

ఏం లాభం? రికార్డింగులో ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఒడియా. సోమవారం తీరిగ్గా కూర్చొని ఆడాసిటీ అనే సౌండు కత్తిరించే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అది ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. రెండు చానళ్ళూ విడదీయండి. ఒకటి తీసేస్తే రెండోదాంట్లో మాట, ఖాళీ, మాట, ఖాళీ అని ఉంటుంది కదా. ట్రంకేట్ సైలెన్స్ అని ఒక ఎఫెక్టుంది, ఆ ఖాళీలన్నీ అదే కత్తిరించేస్తుంది. గంట వాక్యం అరగంట తెలుగు, అరగంట ఒడియా అయి కూర్చుంటుంది. ఒకటే షరతు, ఇద్దరూ చేయి చాచినంత దూరంలో నిలబడాలి. లేకపోతే ఒకరి మాట ఇంకొకరి మైకులో పడి, ఆ ఖాళీలు ఖాళీలుగా ఉండవు. నన్నడిగితే లైవ్ కంటే ఈ ఒక్క పనికే మీ డబ్బు గిట్టుబాటవుతుంది. కొండ మీద గూడేలకి వెళ్ళే సువార్తికుడు పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, స్పీకరు డబ్బాలో పెట్టి వినిపిస్తాడు.

కరెంటు సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. జుయ్ అని మోత వస్తోందా? ముందు ల్యాప్‌టాప్ చార్జరు పీకి చూడండి. చాలాసార్లు అక్కడితో పోతుంది. చార్జరుకీ, ఆంప్లిఫయరుకీ వేర్వేరు చోట్ల ఎర్తింగ్ ఉంటే ఆ మోత పుడుతుంది. ఆరాధనంతా బ్యాటరీ మీద నడిపేయండి, లేదా రెండూ ఒకే బోర్డుకి పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టరు మీదకి రాగానే మోత మొదలైతే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు. ఫ్యాన్లూ లైట్లూ దానికి వదిలేయండి. కొనేటప్పుడు సైన్ వేవ్ అని అడిగి కొనండి. రూటరుకి 12 వోల్టుల మినీ యూపీఎస్ ఉంటుంది, తీసుకోండి.

ఇప్పుడు లైవ్. ఇందాక రికార్డింగు ముందు అన్నాను కదా, ఎందుకో లెక్క చూడండి. సెకనుకి ఒకటిన్నర మెగాబిట్ల వీడియో పంపితే, సౌండుతో కలిపి గంటకి 730 ఎంబీ దాకా అవుతుంది. రెండు గంటల ఆరాధనకి ఒకటిన్నర జీబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ అంతా మీ కుర్రాడిది అయిపోయింది. 720పీలో చక్కగా కావాలని నాలుగు మెగాబిట్లు పెడితే గంటకే 1.8 జీబీ. ఇది పంపేవాడికి. చూసేవాళ్ళకీ అంతంత ఖర్చే. అదే, మాట మాత్రం 64 కిలోబిట్లలో రికార్డు చేస్తే? గంటకి 29 ఎంబీ. రెండు గంటలు కలిపినా 60 ఎంబీ లోపే. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపేయొచ్చు, దానికి 2 జీబీ దాకా పడుతుంది. సిగ్నల్ లేని ఊరివాడు సంతకి వచ్చినప్పుడు దించుకొని పోతాడు.

లైవ్ వద్దనడం లేదు నేను. లైవ్ ఉన్నా లేకున్నా రికార్డింగు ఉండాలంటున్నాను. సిగ్నల్ పోతే లైవ్ పోతుంది, రికార్డింగు ఎక్కడికీ పోదు. రాత్రి నెట్టు బాగున్నప్పుడు ఎక్కించుకోవచ్చు.

పెట్టాలనుకున్నవాళ్ళు వినండి. స్పీడ్ టెస్టులో అందరూ చూసేది డౌన్‌లోడ్. మీకు కావలసింది అప్‌లోడ్. అదీ ఆదివారం ఆరాధన వేళకే చూడాలి. మంగళవారం రాత్రి చూసిన అంకె ఆదివారం పొద్దున పనికిరాదు. వచ్చిన అంకెలో సగం మాత్రమే వాడండి. మూడొస్తే ఒకటిన్నర పెట్టండి. మన మందిరాల్లో సిగ్నల్ కిటికీ దగ్గర ఉంటుంది, బలిపీఠం దగ్గర ఉండదు. హాట్‌స్పాట్ ఫోను కిటికీలో పెట్టండి, వీడియో తీసే ఫోను దాని వైఫై పట్టుకుంటుంది. వీడియో తీసే ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తర్వాత వైఫై ఆన్ చేయండి. లేకపోతే వాక్యం మధ్యలో ఎవరో ఫోను చేస్తారు, లైవ్ కాస్తా ఆగిపోతుంది.

యూట్యూబ్‌లో మొబైల్ నుంచి లైవ్ పెట్టాలంటే చానల్‌కి కనీసం 50 మంది సబ్‌స్క్రయిబర్లుండాలి. ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ అనే లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఆ లెక్క లేదు. ఓబీఎస్ కూడా ఉచితమే. లైవ్ మొదటిసారి అడిగినప్పుడు తెరుచుకోవడానికి 24 గంటల దాకా పడుతుంది, కాబట్టి క్రిస్మస్ రోజు పొద్దున మొదలుపెట్టకండి. ఫేస్‌బుక్ వాడేవాళ్ళకి ఒక మాట. 2025 ఫిబ్రవరి నుంచి లైవ్ వీడియోలు 30 రోజులే ఉంచుతున్నారు, తర్వాత తీసేస్తారు. దాచుకోవాలంటే దించుకోండి.

బొమ్మ గురించి రెండు ముక్కలు. ఫోను అడ్డంగా పెట్టండి. అయ్యగారి వెనక కిటికీ ఉంటే తెర వేయండి, లేకపోతే మొహం నల్లగా వస్తుంది. స్క్రీను మీద మొహం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే వెలుగు అక్కడ ఆగిపోతుంది. ట్యూబులైట్ల కింద చారలు కదులుతుంటే కెమెరా సెట్టింగుల్లో షట్టరు సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా. అయిపోయింది. బొమ్మకి ఇంతకంటే టైమివ్వను.

పాటల గొడవ

ఇది అందరూ అడిగేదే. "అన్నా, పాట పాడాం, లైవ్ మ్యూట్ అయిపోయింది, కాపీరైట్ అన్నారు. దేవుని పాటకి కాపీరైటేంటి?" దేవుని పాటైనా రాసినవాడు మనిషే కదండీ, వాడికీ ఇల్లుంది, పిల్లలున్నారు.

మన 1957 కాపీరైటు చట్టంలో 52వ సెక్షనులో ఒక వెసులుబాటుంది. నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాట పాడినా, రికార్డు వేసినా తప్పు కాదని ఉంది. అది మందిరంలో పాడటానికి. దాన్ని యూట్యూబ్‌లో ఊరందరికీ వదిలితే అదే వెసులుబాటు అక్కడికీ వస్తుందని ధీమాగా ఉండకండి. పైగా యూట్యూబ్‌లో పట్టుకునేది జడ్జిగారు కాదు, యంత్రం. అది ఎక్కువగా దేన్ని పట్టుకుంటుంది? మీ గొంతుని కాదు, మీరు వెనక వేసుకున్న ట్రాకుని. ఎవరో స్టూడియోలో చేసిన ట్రాకు దించుకొని, దాని మీద పాడుతున్నారు. అలా ట్రాకు మీద పాడటం మానేయండి. మీకు కీబోర్డు లేదా? డోలక్ లేదా? కంజీర లేదా?

పాత కీర్తనలు పాడండి. రచయిత పోయాక 60 ఏళ్ళకి మన చట్టం ప్రకారం హక్కు తీరిపోతుంది. మన గంజాం సీమలో తిరిగి సువార్త చెప్పిన పురుషోత్తమ చౌదరి గారు పోయింది 1890లో. ఆయన కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు, రికార్డు చేసుకోవచ్చు. నిన్నగాక మొన్న ఎవరో పాడిన రికార్డింగు వేయకూడదు, అంతే. కొత్త పాట పాడాలనుంటే మందిరంలో పాడుకోండి, ఆ పాట వరకు లైవ్ మ్యూట్ చేసి, ఎక్కించే రికార్డింగులో కత్తిరించండి. లేదా రాసినవాళ్ళకి ఒక ఫోను చేసి అడగండి. మన తెలుగు పాటల వాళ్ళలో చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి.

చూపించకూడనివి

ఇది పెద్దలు జాగ్రత్తగా వినాలి. ప్రార్థన మనవులు చదువుతారు కదా. "ఫలానా చెల్లికి గర్భం నిలవడం లేదు, ఫలానా తమ్ముడు తాగుడు మానాలి." నలభై మంది మధ్య చెప్పుకున్న కష్టం అది. లైవ్‌లో వెళ్తే ఆమె అత్తగారి ఊరుకీ వెళ్తుంది, వాడు పనిచేసే కంపెనీకీ వెళ్తుంది. ఆ టైముకి మైకు ఆపండి. ఓబీఎస్‌లో అయితే మందిరం ఫొటో ఒకటి పెట్టి సౌండు మ్యూట్ చేయండి. సాక్ష్యం చెప్పేవాళ్ళని ముందే అడగండి: "అక్కా, ఇది నెట్లోకి వెళ్తుంది, పర్వాలేదా?" ఆమె ఒక్క క్షణం తటపటాయించిందా, వద్దు. అక్కడితో ఆగిపోండి.

బాప్తిస్మాలు లైవ్ పెట్టకండి. మన రాష్ట్రంలో మతం మారడం మీద షరతులు పెట్టే 1967 నాటి మత స్వాతంత్ర్య చట్టం ఉంది, దాని మీద వాదన ఇక్కడ వద్దు. ఏటి ఒడ్డున తడి బట్టలతో నిలబడ్డ మనిషి మొహం, పేరుతో సహా, నెట్లో తిరగడం వల్ల ఆ మనిషికి ఊళ్ళో ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మనం లైవ్ పెట్టేది లైకుల కోసమా? మనిషిని కాచుకోవాలి కదా.

సండే స్కూలు పిల్లల డాన్సులు, నాటికలు కూడా అంతే. తల్లిదండ్రులకి అన్‌లిస్టెడ్ లింకు, అంటే లింకు ఉన్నవాళ్ళకే కనపడేది, పంపండి, ఊరందరికీ వద్దు. కెమెరా మందిరం వెనక నుంచి పెడితే సంఘం వీపులే కనపడతాయి, అది మంచిదే. ఒక పక్క నాలుగు బెంచీలు కెమెరాకి అందకుండా వదిలేయండి. కనపడటం ఇష్టం లేనివాళ్ళు అక్కడ కూర్చుంటారు. తలుపు దగ్గర "ఈ ఆరాధన రికార్డవుతోంది" అని తెలుగులో, ఒడియాలో ఒక కాగితం అంటించండి.

క్యూఆర్ కోడ్ గురించి ఎవరో చీటీ పంపారు. కానుకల కోసం స్క్రీను మీద పెట్టాలా అని. పెట్టండి, కానీ అది సంఘం పేరున ఉన్న ఖాతాది అయ్యుండాలి. అయ్యగారి సొంత ఖాతాదో, కెమెరా తమ్ముడిదో కాదు. లెక్క రాసేవాళ్ళు వేరే ఉండాలి. అంతకంటే నేను మాట్లాడను, పెద్దలున్నారు.

ఇంకో చీటీ. "ఆన్‌లైన్‌లో పెడితే జనం మందిరానికి రావడం మానేస్తారేమో?" మానేవాడు వానొచ్చినా మానేస్తాడు, క్రికెట్ ఉన్నా మానేస్తాడు. మీకు నిజంగా ఆ భయం ఉంటే లైవ్ ఆపేసి, రికార్డింగుని సాయంత్రం పెట్టండి. దూరంగా ఉన్నవాళ్ళకి సాయంత్రమే వీలు. మగ్గాల మీద ఉన్నవాడు ఆదివారం పదిన్నరకి ఖాళీగా ఉంటాడని మనం ఎందుకనుకోవాలి?

సరే, మాటలు చాలు. ఇక్కడ మిక్సర్ ఉంది, సౌండ్ కార్డుంది, రెండు రకాల తీగలున్నాయి. ముందు రెసిస్టర్లు లేని తీగ పెట్టి వినిపిస్తాను, తర్వాత ఉన్నది పెడతాను, తేడా మీ చెవులతోనే తెలుసుకోండి. నలుగురు నలుగురుగా రండి. ముందు అక్కలు రండి, ఈ నాబ్‌ల పని తమ్ముళ్ళకే వదిలేయకండి. ఎవరికి గట్టి గొంతుంది? నువ్వా? రా, ఈ మైకు పట్టుకొని ఒక చరణం పాడు. మీటరు చూస్తూ పాడు, ఎర్ర లైటు వెలిగిందంటే నాకు చెప్పు.